బాపమ్మ కడుపులో గొట్టం

మా ఇంట్లో పెద్దవాళ్లకు వాళ్ల జబ్బు పేరు చెప్పరు. ఏ జబ్బయినా గ్యాసే. తాతయ్యది కూడా చివరిదాకా గ్యాసే. అందుకే మా నాన్న తల్లికి, అంటే మా బాపమ్మకు, అపెండిక్స్ వాచిందని దిల్‌సుఖ్‌నగర్ ఆసుపత్రిలో డాక్టరు చెప్పగానే నాన్న మొదట చేసిన పని లేచి వెళ్లి గది తలుపు వేయడం. బాపమ్మ బయట వీల్‌చైర్‌లో, కుడివైపు పొత్తికడుపు పట్టుకుని ముడుచుకుని ఉంది. ఆమెకు తొంభై దాటాయి. ఎన్ని దాటాయో ఆధార్ కార్డు ఒకటి చెబుతుంది, ఆమె ఇంకొకటి చెబుతుంది.

గుండె బలహీనంగా ఉంది కాబట్టి పూర్తి మత్తు ఇచ్చి కోస్తే ఏమవుతుందో చెప్పలేనన్నాడు డాక్టరు. వదిలేస్తే అపెండిక్స్ పగిలిపోవచ్చట. ఇంకో దారి ఉందన్నాడు. కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని కింది నుంచి పెద్దపేగులోకి పంపి, అపెండిక్స్ మూతి దాకా వెళ్లి, అక్కడ అడ్డుపడినదాన్నీ చీమునూ కడిగేస్తారు. మళ్లీ మూసుకుపోకుండా ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం లోపల ఉంచి వస్తారు. కొన్నాళ్లకు అదే దారిలో దాన్ని తీసేస్తారు.

"కోసుడు లేదా సార్?" అన్నాడు నాన్న.

"లేదండీ."

"కుట్లు?"

"కుట్లూ ఉండవు."

"మరి అపెండిక్స్?"

"దాని చోట అది ఉంటుందండీ."

నాన్న నా వైపు చూశాడు. ఎప్పుడూ పుస్తకాలు పట్టుకుని కూర్చుంటాను కనుక నాకు అర్థమై ఉంటుందని ఆయన ఆశ. నేను తల ఊపాను. నిజానికి నాకేమీ అంతుపట్టలేదు. చెడిపోయినదాన్ని తీసేస్తేనే వైద్యం అనుకునేదాన్ని. కడిగి అక్కడే ఉంచడమేమిటి?

నాన్న సంతకం పెట్టి బయటికొచ్చి, "గ్యాస్ పట్టిందంట అవ్వా. కడుపు కడుగుతరంట" అన్నాడు. బాపమ్మ సరేనంది.

ఆ సాయంత్రమే లోపల కడిగి గొట్టం పెట్టారు. మర్నాడు పొద్దున్నే నొప్పి తగ్గింది, జావ కావాలంది. ఇంకో రెండు రోజులు సెలైన్ సీసాలు ఎక్కించి, మందులు రాసి ఇంటికి పంపారు. మా ఇల్లు ఎల్బీ నగర్ వెనక కాలనీలో. చూడటానికి వచ్చే బంధువులు బ్రెడ్డు ప్యాకెట్లూ కొబ్బరిబొండాలూ తెచ్చారు. వనస్థలిపురం నుంచి మా మేనత్త వచ్చి తల్లిని పలకరించి, నేరుగా వంటింట్లోకి నడిచి గొంతు తగ్గించింది.

"కుట్లెన్ని పడ్డయి వదినా?"

"కుట్లు లేవు" అంది అమ్మ.

"కుట్లు లేకుంట ఆపరేషన్ ఎట్లయితది?"

"కెమెరాతోని చేసిండ్రు."

"నోట్లకెల్లా?"

అమ్మ నా వైపు చూసింది. నేను కడిగిన గ్లాసునే మళ్లీ కడగడం మొదలుపెట్టాను.

"ఆఁ, నోట్లకెల్లే" అంది అమ్మ.

సాయంత్రానికల్లా మా చుట్టాలందరి లెక్కలో కెమెరా నోట్లోంచే వెళ్లింది. నేను కూడా డైరీలో 'కింది నుంచి' అని రాసి కొట్టేశాను.

"మీ మెతకతనం చూసి ఉల్లుగాళ్లను చేసిండ్రు, ఏం చెయ్యకుంటనే పైసలు గుంజిండ్రు" అని తేల్చేసింది అత్త వెళ్తూ వెళ్తూ. కాదని చెప్పడానికి నా దగ్గరా ఒక మచ్చ లేదు, ఒక కట్టు లేదు. బాపమ్మ మాత్రం పప్పన్నం తింటోంది.

గొట్టం తీయించాల్సిన రోజు బాపమ్మ మంచం దిగనంది.

"గ్యాస్ పోయింది గద. మల్ల దవాఖాన ఎందుకు?"

"జర చూపిచ్చుకొని వద్దామవ్వా" అన్నాడు నాన్న.

"నాకేం రోగముందని? నువ్వు చూపిచ్చుకో, పొట్ట పెరుగుతుంది."

ఆ గొట్టాన్ని అలాగే వదిలేయకూడదని, పూడుకుపోతే మళ్లీ వాపు రావచ్చని డాక్టరు గట్టిగా చెప్పాడు. మళ్లీ వస్తే ఈ వయసులో ఆమె తట్టుకుంటుందా? నాన్న నన్ను వరండాలోకి పిలిచి, "నువ్వు చెప్పు బిడ్డా, నీ మాట ఇంటది" అన్నాడు. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తనిదాన్ని నేను.

వెళ్లి బాపమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"బాపమ్మా, నీ కడుపుల ఒక గొట్టం ఉంది. చిన్నదే. ప్లాస్టిక్‌ది."

"ఎవడు పెట్టిండు?"

"డాక్టరు."

"యాడికెల్లి పెట్టిండు?"

నేను నేలవైపు చూశాను. చేత్తోనే చూపించాను. బాపమ్మ భుజాలు కదిలేలా నవ్వింది.

"గందుకేనా మీ అయ్య నా మొకం చూస్తలేడు!"

నవ్వు ఆగాక చీర కుచ్చెళ్లు సర్దుకుంది. "మీ తాతకు గూడ గ్యాసనే చెప్పినం. నేనే చెప్పిన. ఆయన సరే అన్నడు. నమ్మి అన్నడో, నన్ను జూసి అన్నడో." "పా, పోదాం" అని చెయ్యి చాపింది.

ఆసుపత్రిలో ముందు ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని తెర మీద పెట్టి చాలాసేపు చూసి, స్కాన్ కూడా చేయించాడు.

"గొట్టం లేదండీ. దానంతట అదే జారి పోయినట్టుంది మామ్మగారూ. ఒక్కోసారి అలా పోతుంది, భయం లేదు. వాపు కూడా తగ్గింది. ఇంటికెళ్లిపోండి."

నాన్న ముఖంలో సంతోషం. నేను మాత్రం ఆ తెర వైపే చూస్తూ నిలబడ్డాను. ఎముకలు, నీడలు, అంతే. ఇంత ధైర్యం చేసి నేను చెప్పిన ఒక్క నిజం అక్కడ లేదు.

ఆటోలో మెట్రో స్తంభాల పక్కన వస్తుంటే బాపమ్మ నా మోకాలు తట్టింది.

"ఉందంటివి గద?"

"ఉండె బాపమ్మా."

"ఎప్పుడు పాయె?"

"తెల్వదు."

"నువ్వు చూసినవా?"

"లేదు."

"మంచిగ చెప్తవే, మీ అయ్య లెక్కనే" అంది. వెక్కిరించిందో మెచ్చుకుందో తెలియలేదు.

అప్పుడే అత్త ఫోన్ చేసింది. తీసిండ్రా అవ్వా, ఏం తీసిండ్రు అని అడుగుతున్న గొంతు ఆటో చప్పుడులోనూ వినిపిస్తోంది. బాపమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని, నన్ను చూస్తూ చెప్పింది.

"ఏం లేదే బిడ్డా. గ్యాసంట."