నా పళ్లెం ఎవరింట్లో ఉంది?

రేపు యూత్ క్యాంపుకు వెళ్లాలని మా పాప స్టీలు పళ్లెం అడుగున నెయిల్ పాలిష్‌తో పేరు రాసుకుంటోంది. ఆ వాసన తగలగానే నాకు మళ్లీ పదిహేనేళ్లు వచ్చేశాయి.

మన రోజుల్లోనూ ఇంతే కదా! దుప్పటి, పాటల పుస్తకం, పేరు రాసిన పళ్లెం. సముద్రం పక్కన సరుగుడు తోపులో క్యాంపు. బైబిల్లోని కంఠత వాక్యం చూడకుండా అప్పజెప్తేనే అన్నం. ఓ మధ్యాహ్నం నా వెనక నిలబడ్డ సంగం ఊరి నుంచి వచ్చిన సుగుణ తడబడితే, నేను మెల్లగా అందించాను. వడ్డించే అక్క పట్టేసింది.

"అందరి పళ్లేలూ ఈ పూట మీరిద్దరే తోమాల. ఇసకేసి రుద్దండి, తళతళా మెరిసిపోవాల!"

రుద్దాం. పాటలు పాడుకుంటూ ఎంత భక్తిగా రుద్దామంటే, కడిగి బోర్లించేసరికి అరవై పళ్లేల మీద ఒక్క పేరూ మిగల్లేదు. ఆఖరి రోజు ఎవరి చేతికి అందింది వాళ్లు పట్టుకుపోయారు.

అమ్మ తిడుతుందని హడలిపోతూ ఇంటికెళ్లాను. ఆమె పళ్లేన్ని తిప్పి చూసి, "ఎవురి బిడ్డదో, పాపం" అంది, అంతే. ఆ రోజు నుంచి అందులో నాకు అన్నం పెట్టినప్పుడల్లా, "ఈ పళ్లెం బిడ్డని కూడా సల్లంగా సూడు ప్రభువా" అని ప్రార్థనలో కలిపేది.

నా పళ్లెం ఆ క్యాంపుకొచ్చిన మీలో ఎవరింట్లోనో ఉండాలి. అంచు దగ్గర చిన్న సొట్ట ఉంటుంది. తిరిగి ఇవ్వక్కర్లేదు. మీ అమ్మ కూడా నా కోసం ప్రార్థించిందా, అదొక్కటి చెప్పండి చాలు.