నీలం గుర్తు కుళాయి

వాడి చేతిలో ద్రాక్షగుత్తి చూసిన రోజే నా కడుపు మండింది. దాచుకోవడం దేనికి, నేను కుళ్ళుబోతునే.

రియాద్‌లో పెళ్ళి విందులు వండి పంపే కంపెనీలో ఐస్‌క్రీమ్ పని నాది. మేనేజరుని ముదీర్ అంటాం. ఆయనకి పాతకాలపు ఇంగ్లీషు దొరల విందులంటే పిచ్చి. విక్టోరియా రాణి నాటి అచ్చులు ఎక్కడినుంచో తెప్పించాడు. రెండు చెక్కలుగా తెరుచుకునే బరువైన లోహపు అచ్చులు, హంసలూ అనాసపండ్లూ ద్రాక్షగుత్తులూ కోట బురుజులూను. ఐస్‌క్రీమ్ కూరి, మూసి, సందులకు వెన్న పూసి, ఉప్పు కలిపిన ఐసులో పూడ్చాలి. గట్టిపడ్డాక చన్నీళ్ళలో ఒక్క ముంచు ముంచి తెరిస్తే ఆకారం చెక్కు చెదరకుండా దిగాలి. తొమ్మిదేళ్ళు ఈ విద్యకు నేనే రాజుని.

ఒక చలికాలం కాకినాడ నుంచి వాడొచ్చాడు. నాకంటే పదేళ్ళు చిన్న. "ఆయ్, మీరెలా చెబితే అలాగేనండి అన్నయ్యా" అంటూ నా వెనకే తిరిగి, రెండు నెలల్లో నన్ను మించిపోయాడు. నా గుత్తిలో పండ్లన్నీ ఒకటే పచ్చ. వాడి గుత్తిలో ఒక పండు దోర, ఒకటి మాగినది, తొడిమ దగ్గర లేతాకు రంగు. ముదీర్ దాన్ని ఫోటో తీసుకున్నాడు. తొమ్మిదేళ్ళలో నావి ఒక్కటి తీస్తే ఒట్టు! ఎలా చేస్తున్నావురా అని అడగడానికి అహం అడ్డొచ్చింది.

అప్పుడే నితాకాత్ వచ్చి పడింది, ప్రతి కంపెనీ ఇంతమంది సౌదీవాళ్ళను పెట్టుకోవాలనే రూలు. సౌదీవాళ్ళను సరిపడా పెట్టుకోలేదని సర్కారు కంపెనీకిచ్చే రంగు గ్రేడు దిగజారింది, మా ఒక్కో తలకీ కట్టాల్సిన లెవీ పెరిగింది. ముదీర్ మా ఇద్దరినీ పిలిచి హిందీలో తేల్చేశాడు. ఐస్‌క్రీమ్‌కి ఒక్కడు చాలు. మలాజ్ పేటలో పెళ్ళికి చెరొకటి చేయండి. బాగా చేసినవాడికి ఇకామా, అదే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యూవల్; రెండోవాడికి ఖురూజ్. అంటే ఇంటికి పంపేయడమే. వాడి పెళ్ళానికి ఏడో నెల. నా కూతురు నర్సింగు రెండో ఏడు.

పెళ్ళి వారానికి ఎండలు మొదలయ్యాయి. ఎండాకాలం అక్కడ కుళాయిలు తిరగబడతాయి. మేడ మీద ట్యాంకు కాగిపోయి, నీలం గుర్తున్న చన్నీళ్ళ కుళాయిలో వేణ్ణీళ్ళు వస్తాయి. అందుకే గీజరు ఆపేసి ఎర్ర గుర్తు కుళాయి తిప్పుకుంటాం. గీజరులో నిలవున్న నీళ్ళే చల్లన. ఒక వేసవి గడిపిన ప్రతివాడికీ తెలుసు. తెల్లారకముందే స్నానం ముగించి పనికొచ్చే కొత్తవాడికి మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పెళ్ళి హాలు వంటింట్లో గీజరు ఆపింది నేనే.

ఎర్ర గుర్తు కుళాయి తిప్పి నా తొట్టి ముందే నింపుకున్నాను. నా హంస చక్కగా దిగింది. వాడు మోచేతుల దాకా దళసరి రబ్బరు తొడుగులు వేసుకుని, చలికాలం అలవాటు కొద్దీ నీలం గుర్తు కుళాయి తిప్పాడు. ఆ తొడుగుల్లోంచి వేడి తెలిసే వీల్లేదు. నేను చూశాను. 'రేయ్ అబ్బోడా, అది కాదు' అనడానికి ఎంతసేపు? నోరు తెరిచాను కూడా. ముదీర్ ఫోను పట్టుకుని వాడి పక్కన నిలబడి ఉన్నాడు, నా హంసకేసి చూడనైనా చూడలేదు. నోరు మూసుకున్నాను.

వాడు అచ్చు ముంచి తెరిస్తే గుత్తి లేదు. పళ్ళెంలో పచ్చటి ముద్ద. ప్రాణం ఎంత హాయిగా ఉందంటే, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

వెళ్ళే రోజు వాడు నా గది గుమ్మంలోకి వచ్చాడు. "ఆ నీళ్ళు అలా ఎందుకు కాగిపోయాయో ఇప్పటికీ తెలీట్లేదండి అన్నయ్యా."

"ఏం జేస్తాంలే నాయనా, నీ టైం బాగలేదు" అన్నాను.

"పోన్లెండి. ఆ గుత్తి మాత్రం మీకు వచ్చెయ్యాలండి. ముందు కుంచెతో ఒక్కో గుంటలో ఒక్కో రంగు అద్దండి. అది గడ్డకట్టాకే మిగతాది కూరండి. తొందరపడకండే." తన కుంచె నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నా గుత్తిని ముదీర్ ఫోటో తీస్తాడు. "వాహ్" అంటాడు. ఆ వాహ్ నాది కాదని నాకు తెలుసు. ఎర్ర గుర్తు కుళాయి తిప్పిన ప్రతిసారీ, కాకినాడలో ఉన్న మనిషి మీద ఇక్కడ కుళ్ళుకుంటూనే ఉన్నాను.