సంతకం కోసం జరిగిన అంకె

డెబ్బైల చివర మదనపల్లెలో ఒక లెక్చరరు దగ్గర కెమిస్ట్రీ పరిశోధనకు చేరాను. నా పనికి ఆమ్లమూ అక్కర్లేదు, మంటా అక్కర్లేదు. అణువులో ఎలక్ట్రాన్లు ఎలా సర్దుకుంటాయో లెక్కగట్టి, ఆ పదార్థం ఏ వెలుగును పీల్చుకుంటుందో చెప్పాలి. లెక్క చేసే కంప్యూటరేమో బెంగుళూరులో. లెక్కను కంప్యూటరు చదివేలా చిల్లులు పొడిచిన కార్డుల పెట్టె ఒళ్లో పెట్టుకుని, పుంగనూరు మీదుగా బస్సులో కుప్పం చేరి, ఇంట్లో అన్నం తిని, రైలెక్కేవాణ్ణి. "కెమిస్ట్రీ అంటివి, సేతికి ఒక మరకన్నా లేదే నాయనా" అనేది మా అమ్మ.

పూర్తి లెక్క ఆ యంత్రానికి కూడా తరం కాదు. అందుకని కష్టమైన ముక్కలు తీసేసి, వాటి బదులు ఒక అంకె పెట్టేవాళ్లం. అది ఎంతుండాలో పుస్తకాల్లో ఉండేది. మా సారు పుస్తకాన్ని నమ్మేవాడు కాదు. ప్రయోగంలో ఎవరో కొలిచిన విలువను ముందు పెట్టుకుని, జవాబు అక్కడికి చేరేదాకా అంకెను జరిపించేవాడు. ఏ టైలరూ ఒంటికి అంత అతికినట్టు కుట్టలేడు. దాన్ని ఆయన సిద్ధాంతం అనేవాడు.

ఒక రంగు పదార్థానికి పుస్తకంలోని అంకెతోనే లెక్క చేస్తే నా జవాబు కొలతకు చాలా దూరంగా వచ్చింది. కార్డులన్నీ మళ్లీ చూశాను, తప్పు దొరకలేదు.

"సార్, కొలిచినవాళ్లే పొరబడినారేమో."

"వాళ్లు కంటితో సూసి కొలిచినారప్పా. నువ్వు ఆ పదార్థాన్ని యాడన్నా సూసినావా? అంకె జరుపు. లేదంటే నీ థీసిస్ మీద నా సంతకం ఉండదు."

జరపనన్నాను. సంతకం లేకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే ఉద్యోగం లేదు. నాతో చేరినవాళ్లు లెక్చరర్లయి స్కూటర్లు కొన్నారు. నేను ఆయన వరండాలో బెంచీ అరగదీశాను. ఒళ్లు మండేది.

ఎనభైల్లోకి వచ్చాక ఒక పత్రికలో కొత్త కొలత పడింది. పాత కొలతకు వాడిన పదార్థంలో మలినం ఉందట. శుద్ధి చేసి కొలిస్తే వచ్చిన విలువ నా జవాబు పక్కనే కూర్చుంది. పత్రిక పట్టుకుని పరుగున వెళ్లాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని నిదానంగా చదివాడు.

"సరేప్పా, అంకెను ఈడికి జరుపు."

"అది ముందు నుంచీ ఈడే ఉండాది సార్."

"సూస్తివా మరి, మన పద్ధతి దేనికైనా సరిపోతాది."

సంతకం పెట్టాడు. నా మొదటి జవాబు ఆయన సవరణ ఫలితంగా థీసిస్‌లోకి ఎక్కింది. ఆ సవరణకు కృతజ్ఞతలు చెబుతూ మొదటి పేజీ నాచేతే రాయించాడు.