డ్యూటీ దిగిన యోధుడు

ఉక్కు కార్ఖానా పక్క బస్తీ బర్మామైన్స్‌లో ఉండే మా పెదనాన్న కూతురు, నాకు అక్క, కంప్యూటర్ మీద కళింగ యోధుల్ని గీసేది. మేమిద్దరం ఆడే యుద్ధాల గేములో గ్రీకులూ రోమన్లూ ఉన్నారు గానీ మనవాళ్ళు లేరని తన బాధ. నడిచే బొమ్మలు, కత్తి దూసే బొమ్మలు, అన్నీ చుక్క చుక్కా పేర్చి చేసి, ఆ గేములోకి ఎక్కించింది. ప్రతి యోధుడికీ శిరస్త్రాణం జారకుండా గడ్డం కింద పట్టీ పెట్టేది, అచ్చం కార్ఖానా హెల్మెట్‌కి ఉన్నట్టు. నేను నవ్వితే, "పట్టీ నేకపోతే గేటు కాడే ఆపేత్తారు" అనేది.

దెబ్బ తిని కూలిపోయే బొమ్మలు మాత్రం గీయలేదు. గేములో ప్రాణం పోయినవాడు పడిపోడు; శిరస్త్రాణం తీసి చంకలో పెట్టుకుని, తెర అంచు దాటి నడిచి వెళ్ళిపోతాడు.

"దీదీ, యే మర్తా క్యోఁ నహీఁ?" అన్నాను, వీడు చావడేమని.

"సావడమేటి? డ్యూటీ అయిపోనాది. ఇంటికెల్లిపోతన్నాడు."

పెదనాన్న కార్ఖానాలో బి షిఫ్టుకని వెళ్ళి తిరిగి రాని ఇల్లది.

అక్కకిప్పుడు టెల్కో కాలనీలో కాపురం, బొమ్మల ఊసెత్తదు. గేము నా దగ్గరుంది. అప్పుడప్పుడు ఆడి, కావాలనే ఓడిపోతాను. అందరూ ఒక్కొక్కరే ఇళ్ళకు వెళ్తారు.