ఆర్లిస్ బండికి మూడు అంచనాలు

ఆర్లిస్ హ్రుష్కా తన ట్రక్కుకి వెనకగా నిలబడి చాలాసేపు చూసింది. బండి ఎడమవైపుకి ఒరిగి ఉంది. వంగి కింద చూస్తే బండి బరువు మోసే ఉక్కు పట్టీల కమాను కట్టలో పై పట్టీ అడ్డంగా విరిగి కనిపించింది. పద్దెనిమిది చక్రాల బండి, ఇరవై ఏళ్ళ నాటిది. అప్పు తీరింది కాబట్టి పూర్తిగా ఆమెదే.

అది బుధవారం. సోమవారం పొద్దున ఆరింటికి షోన్‌రాక్ వాళ్ళ పొలంలో మొక్కజొన్న కోత మొదలు. గింజలు ఎత్తుకుని ఇథనాల్ ఫ్యాక్టరీకి చేర్చే పని పన్నెండేళ్ళుగా ఆర్లిస్‌దే. కోత యంత్రం పక్కన ట్రక్కు లేకపోతే యంత్రం ఆగిపోతుంది. షోన్‌రాక్ మంచివాడే గానీ యంత్రాన్ని ఆపుకుని కూర్చునే మనిషి కాదు. ఇంకో ట్రక్కుని పిలిచాడంటే ఇక ఈ ఏడాదికి ఆ పని వాళ్ళదే.

గురువారం చిన్న బండేసుకుని రిపేరు అంచనాల కోసం మూడు చోట్లకి వెళ్ళింది. లింకన్‌లోని కంపెనీ షోరూములో నాలుగువేల నూట ఎనభై డాలర్లన్నారు, వచ్చే గురువారానికి ఇస్తామన్నారు. విల్బర్‌లో మెకానిక్ డెల్మర్ ఝిట్కా పదకొండు వందల యాభై అన్నాడు, శనివారం సాయంత్రానికల్లా అయిపోతుందన్నాడు. డెల్మర్ ఆమెతో ఒకటో తరగతి నుంచి చదువుకున్నవాడు. విత్తనాల కంపెనీ వాళ్ళు పంచిపెట్టిన చీటీల పుస్తకంలో ఒక కాగితం చించి, అంచనా దాని మీదే రాసిచ్చాడు.

చివరికి క్రీట్‌లో ట్వైలా కూబిచెక్ రిపేరు షెడ్డుకి వెళ్ళింది. ట్వైలాకి నలభై దాటలేదు. వాళ్ళ నాన్న పోయాక షెడ్డు తనే నడుపుతోంది. రెండువేల మూడువందల యాభై, మంగళవారం మధ్యాహ్నానికి, అంది.

"మంగళవారమా! డెల్మర్ శనివారం ఇస్తానన్నాడే," అంటూ ఆర్లిస్ జేబులోంచి చీటీ తీసి చూపించింది.

ట్వైలా చీటీని ఒకసారి పైనుంచి కిందికి చదివింది. మడిచి తిరిగి ఇచ్చేసింది.

"అదో రకంగా ఉంది అక్కా," అంది. వెంటనే మాట మార్చి, "కొలాచీ బన్ను తింటావా? గసగసాలవి. మా అమ్మ పొద్దున్నే పంపింది," అంది.

ఆర్లిస్ తిన్నది, బాగుందంది, వచ్చేసింది. కానీ దారంతా ఆ ఒక్క మాటే చెవిలో మోగుతూ ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ ఎవరినీ బాగాలేదని అనరు. పోయినేడు చర్చి విందుకి కొత్తగా వచ్చిన పాస్టరు భార్య జెల్లీలో ట్యూనా చేప కలిపి తెచ్చింది. అందరూ తలా ఒక చెంచా రుచి చూసి "అదో రకంగా ఉందమ్మా" అన్నారు. గిన్నె దాదాపు నిండుగానే ఇంటికి వెళ్ళింది. ఆ మాట కన్నా పెద్ద తిట్టు అక్కడ లేదు.

ఇంటికొచ్చి మూడు కాగితాలూ వంటింటి బల్ల మీద పక్కపక్కనే పరిచింది. షోరూము వాళ్ళ లెక్క రెండు పేజీలు. అందులో అలైన్‌మెంటు చూడటానికి కొంత, గంటకి కూలీ ఎక్కువ. ఆ ఖర్చులు పక్కన పెట్టింది. మిగిలిన వాటిని వేలు పెట్టి ఒక్కో వరుసా సరిచూసింది. షోరూము వాళ్ళూ, ట్వైలా కూడా కమాను కట్టలు రెండువైపులా రాశారు, డెల్మర్ విరిగిన ఎడమవైపే రాశాడు. అది సరే, చిన్ననాటి స్నేహితురాలి డబ్బు మిగల్చాలనుకున్నాడు. ఆ రెండింట్లోనూ ఇంకో వరుస ఉంది. "యూ బోల్టులు, కొత్తవి, నాలుగు." కమానుని ఇరుసుకి బిగించి పట్టుకునేవి అవే. డెల్మర్ చీటీలో ఆ వరుస లేదు.

ట్వైలాకి ఫోన్ చేసింది. డెల్మర్ పేరు ఎత్తలేదు.

"ఒక సంగతి చెప్పమ్మా. యూ బోల్టులు పాతవే మళ్ళీ వేస్తే ఏమవుతుంది?"

"ఒకసారి గట్టిగా బిగించాక అవి సాగిపోతాయి అక్కా. మళ్ళీ బిగిస్తే పట్టినట్టే ఉంటుంది, బరువు పడ్డాక వదులైపోతుంది. నేనైతే వెయ్యను."

"సరేలే. మీ అమ్మ కొలాచీలు చాలా బాగున్నాయని చెప్పు."

శుక్రవారం ఆర్లిస్ లింకన్ వెళ్ళి కుడివైపు కమాను కట్ట, నాలుగు కొత్త యూ బోల్టులు కొంది. అయిదు వందల ఇరవై అయ్యింది. శనివారం పొద్దున ఖాళీ ట్రక్కుని మెల్లగా డెల్మర్ షెడ్డుకి నడిపించుకుపోయి, అట్టపెట్టెని బల్ల మీద పెట్టింది.

"ఏంటే ఇది?" అన్నాడు డెల్మర్.

"యూ బోల్టులు. కుడివైపు కట్ట ట్రక్కులో ఉంది."

"నా దగ్గర లేవా?" అని గోడ వైపు చూపించాడు. మేకులకి పాతిక దాకా పాత యూ బోల్టులు వేలాడుతున్నాయి, తీగల బ్రష్షుతో తోమి నూనె రాసి. "నీ బండివి తీసి శుభ్రం చేసి మళ్ళీ వేస్తా. డబ్బు దండగ."

ఆర్లిస్ అతనిచ్చిన కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. యాభై ఏళ్ళ స్నేహంలో ఆమె అతణ్ణి ఆ మాట ఎప్పుడూ అనలేదు.

"డెల్మర్, నీ అంచనా అదో రకంగా ఉందిరా."

డెల్మర్ మొహం ఎర్రబడింది. పెట్టెలోంచి ఒక కొత్త బోల్టు తీసి, నట్టు పెట్టి వేలితో తిప్పాడు. గిర్రున మర చివరిదాకా దిగిపోయింది. గోడ మీంచి పాతది తీసి అదే నట్టు ఎక్కించాడు. మూడు చుట్లు తిరిగి ఇరుక్కుపోయింది. వేలితో నెట్టాడు. కదల్లేదు. ఇంకోటి తీశాడు. అదీ అంతే.

"మా నాన్న ఇలాగే చేసేవాడు," అన్నాడు చివరికి.

"మీ నాన్న రోజుల్లో ఇంత బరువులు మోసేవాళ్ళా?"

"నోరు మూసుకుని ఆ జాకీ ఇటు తోయవే."

సాయంత్రానికి పని అయిపోయింది. రెండువైపులా కొత్త కట్టలు, నాలుగూ కొత్త బోల్టులు. రెండోవైపు కూలీకి డెల్మర్ రెండువందలు కలిపాడు. ఆర్లిస్ బేరం ఆడలేదు. "అయిదువందల మైళ్ళు తిరిగాక రా. మళ్ళీ బిగించాలి," అన్నాడు, అది మొదటినుంచీ తన అలవాటే అన్నట్టు.

సోమవారం ఆరింటికి పది నిమిషాలు ముందే ట్రక్కు షోన్‌రాక్ పొలం గట్టు మీద ఉంది. నేల చదునుగా ఉన్నచోట ఆపి, ఆర్లిస్ దిగి వెనక్కి వెళ్ళి చూసింది. బండి నిటారుగా ఉంది. షోన్‌రాక్ యంత్రం మీంచే చెయ్యి ఊపాడు.

గురువారం వాన పడి కోత ఆగింది. ఆర్లిస్ విల్బర్ వెళ్ళింది. డెల్మర్ బండి కిందికి దూరి నాలుగు బోల్టులూ బిగించి వచ్చాడు. అప్పుడు చూసింది ఆమె. గోడ మీద మేకులున్నాయి, వాటికి ఏమీ లేదు. మూలనున్న తుక్కు పీపా నిండుగా ఉంది.

"ఏరా, నీ గోడ అదో రకంగా ఉందేం?"

"ఇంకొక్కసారి ఆ మాటన్నావంటే," అన్నాడు డెల్మర్ చేతులు తుడుచుకుంటూ, "కాఫీకి కూడా డబ్బులు తీసుకుంటా."