తుండు కింద నెత్తురు

మునికృష్ణ వేళ్ల గురించి నేను చెప్పేదాంట్లో సగం నమ్మితే చాలు. మిగతా సగం మా వీధివాళ్లే నమ్మలేదు.

అతను సౌకార్‌పేటలో మిరపకాయల దళారీ. ఆ బజారులో పాతకాలపు బేరం నోటితో జరిగేది కాదు. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి ఒక తుండుగుడ్డ కింద కలుసుకునేవి. ఏ వేలు పట్టుకుంటే ఎంత ధరో వాళ్లకు తెలుసు. చుట్టూ జనం నిలబడి గుడ్లప్పగించి చూస్తున్నా గుడ్డ కింద ఏం తెగిందో ఎవరికీ అంతుపట్టదు. తెగిన బేరం తప్పకూడదు, బయట చెప్పకూడదు. ఈ నియమం మీరినవాడి తుండు కింద మళ్లీ ఎవడూ చెయ్యి పెట్టడు. మునికృష్ణ మధ్యాహ్నం కునుకులో కూడా వేళ్లాడించేవాడనీ, ఒకసారి అలాగే భార్య పంకజం చెయ్యి పట్టుకుని రెండు లారీల గుంటూరు మిరప ఆమెకే అమ్మేశాడనీ, లేచాక ఆవిడ సరుకెక్కడని నిలదీసిందనీ వీధిలో ప్రచారం చేసింది నేనే.

అతని గొప్ప వేళ్లలో లేదు, బేరానికి ముందు చూపించే మచ్చులో ఉంది. బస్తా పైన ఏ కాయ ఉంటుందో అడుగునా అదే కాయ. తూకం పెరగాలని నీళ్లు చల్లడం, నిగనిగలాడాలని నూనె పూయడం ఎరగడు. 'మునికృష్ణ మచ్చు' అంటే ఇక బస్తా విప్పి చూడనక్కర్లేదని బజారంతా అనుకునేది. ఆ పేరు మీదే బతికాడు.

టెలిఫోన్లు వచ్చి దళారీలను మింగేశాయి. ఊరి పేరు చెన్నై అని మారిన మరుసటి ఏడు, చింతాద్రిపేటలో మా ఇంటికెదురుగా, శ్రీనివాసయ్య ఇంటి ముందుగది అద్దెకు తీసుకుని వీడియో గేమ్ సెంటర్ పెట్టాడు. వీధి పిల్లలెవరూ అతన్ని గెలవలేకపోయారు. రిమోట్ ఒళ్లో పెట్టుకుని, దానిమీద తుండు కప్పుకుని ఆడేవాడు మరి. ఏ బటన్ నొక్కుతున్నాడో కనిపిస్తే కదా నేర్చుకునేది!

పిల్లలు పడి చచ్చే ఆట ఒకటుండేది. కాషాయం కట్టిన సన్యాసులు కత్తులతో కొట్టుకుంటారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు సామియార్ ఫైట్. సెలవుల్లో అణ్ణానగర్‌లో మేనత్త ఇంటికి వెళ్లొచ్చిన కోకిల అనే పదకొండేళ్ల పిల్ల, వచ్చీ రాగానే నిప్పు పెట్టింది.

"మామా, మీ సామియార్ ఫైట్ డూప్లికేట్."

"ఏందమ్మే కూస్తాండావు? బాక్సుతో సహా తెచ్చినా. ఒరిజినలు."

"అయ్యో పోంగ మామా! ఆడ మా మేనత్తింట్లో జపాన్ క్యాసెట్ ఉండాది. దాంట్లో నెత్తురు ఎర్రగా వస్తాది. మీది అమెరికాది, బూడిద కలర్ చెమట వస్తాది. కత్తి దిగితే ఎవరికన్నా చెమట పడతాదా? సమాధి మీద ఆడ సిలువ ఉండాది. ఈడ సుమ్మా ఉత్త రాయి."

పిల్లలు గొల్లుమన్నారు. వాళ్లలో ఒకడు వెనకనుంచి, "మామా కల్తీ!" అని అరిచాడు.

ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆ రోజు అన్నం ముట్టలేదని పంకజం చెప్పింది. ఇంకో మిషను, జపాన్ క్యాసెట్ సంపాదించుకొచ్చాడు. తీరా చూస్తే క్యాసెట్ మిషనులో దిగదు. లోపల రెండు ప్లాస్టిక్ పళ్లు అడ్డం. ఒక దేశపు సరుకు ఇంకో దేశపు మిషనులో దూరకుండా తయారుచేసినవాళ్లే పెట్టిన పళ్లు. కటింగ్ ప్లయరుతో వాటిని పీకి, రెండు టీవీలు పక్కపక్కన పెట్టి, నన్ను కేకేశాడు.

"అన్నా, మీరు కాన్వెంటులో చదివినోళ్లు. ఈ అమెరికా బాక్సు మీద ఏడన్నా నెత్తురు కోసినామని రాసుండాదా?"

భూతద్దం పెట్టి నాలుగువైపులా చదివాను. తడపకు, ఎండలో పెట్టకు, విప్పకు అని ఉంది. కోత మాట లేదు.

రెండు తెరల మీదా ఒకే సన్యాసికి ఒకే కత్తి దింపాడు. ఎర్రది చూడలేక మొహం తిప్పుకున్నాను. ఆ తరువాత బూడిదది చూశాను. మనిషి పొట్టలో కత్తి పిడిదాకా దిగి ఉంది. అక్కడినుంచి, నీళ్లలో మునిగిన కుక్క ఒళ్లు విదిలించినట్టు, బూడిదరంగు నీళ్లు చిమ్ముతున్నాయి. చంపడం కొయ్యలేదు, చావు కొయ్యలేదు. రంగు మాత్రం మార్చి చేతులు కడుక్కున్నారు. మా కాన్వెంటు లైబ్రరీ పుస్తకాల్లో మదర్ ఇలాగే పాలరాతి విగ్రహాల బొమ్మలమీద నడుముల దగ్గర గోధుమరంగు కాగితం అంటించేది. మేం ప్రార్థన మందిరంలోని తీర్థం తెచ్చి తడిపి ఊడదీశాం. కింద ఉన్నది ఒక ఆకు. చెక్కినవాడే ముందుగా కప్పి పెట్టాడు!

"దేశానికో నెత్తురా అన్నా?" మునికృష్ణ ఉమ్మడానికి వీధిలోకి వెళ్లొచ్చాడు. "పిల్లకాయలకి వద్దంటారా, సరే, దాంట్లో న్యాయముండాది. చెప్పి కొయ్యాల గదా! తడిపిన మిరపకాయని తడిపిందని చెప్పి అమ్మితే అది కల్తీ గాదు. చెప్పకపోతేనే కల్తీ."

మర్నాడు ఎర్ర టీవీ మీద 'పూర్తి సరుకు, పెద్దపిల్లలకి' అనీ, బూడిద టీవీ మీద 'కోసిన సరుకు' అనీ అట్టలు వేలాడాయి. పిల్లలు నోళ్లు మూసుకుని ఎప్పటిలా ఆటకొచ్చారు.

వారం తిరక్కుండా శ్రీనివాసయ్య దిగాడు. ఇంటి యజమాని, భజన మందిరం అధ్యక్షుడు, సౌకార్‌పేటలో ఇంగువ టోకు వ్యాపారి. ఆయన వీధి మొదట్లో ఉండగానే వాసన ముందుగా వచ్చి కుర్చీ వేసుకుంటుంది. మందిరం కమిటీవాళ్లను బయట నిలబెట్టి, లోపలికొచ్చి తలుపు వేశాడు. గదిలో మేం ముగ్గురమే.

"దేవుడి వీధిలో నెత్తురేంది మునికృష్ణా? తీసెయ్. లేదా రూము ఖాళీ చెయ్."

"కత్తి ఉండచ్చా అయ్యా?"

"కత్తి గురించి ఎవరడిగిరి? నెత్తురు కనపడగూడదు. ఆ కోసిన సరుకు అట్ట కూడా పీకు. మన వీధి పిల్లకాయలకి కోసింది పెడతా ఉండామని చాటింపు దేనికి?"

"మీ ఇంగువ డబ్బా మీద మైదా, బంక కలిసుండాదని రాసుంటాది గదా. ఆ రాత చెరిపి అమ్ముతారా?"

"అది గవర్నమెంటు రూలు."

"ఇది నా రూలు."

శ్రీనివాసయ్య భుజం మీది తుండు తీశాడు. "బజారు మనుషులం. బజారు పద్ధతిలోనే తెంపుకుందాం, రా. బొటనవేలు ఎర్ర టీవీ. చూపుడువేలు అట్ట. ఏది వొదిలితే అది పోతాది. ఏది పట్టుకుంటే అది నిలస్తాది."

రెండు చేతులూ గుడ్డ కింద కలిశాయి. బోనులో పడ్డ ఎలకలా గుడ్డ ఎగిరెగిరి పడింది. అంతలో సద్దుమణిగింది. మునికృష్ణ లేచి తన చేత్తో ఎర్ర టీవీ కట్టేశాడు. బూడిద టీవీ మీది అట్ట వంకరగా ఉంటే సరిచేశాడు. ఏం పోయిందో, ఏం నిలిచిందో నాకు అర్థమైంది.

శ్రీనివాసయ్య తలుపు తీసి గడపమీద నిలబడ్డాడు. "ఒక్క మాటతో దారికొచ్చినాడు. నెత్తురు లేదు, ఏమీ లేదు," అని కమిటీకి చెప్పాడు. చెబుతూనే లోపలికి చెయ్యి చాచి ఆ అట్టను కూడా పీకి, నిలువునా చించి పారేశాడు. బయట చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో ఒళ్లు మరిచి, తుండు బల్లమీదే వదిలేసి వెళ్లిపోయాడు.

నేను అరవబోతే మునికృష్ణ నా మణికట్టు పట్టుకున్నాడు.

"చెప్పగూడదన్నా. గుడ్డ కిందది."

"వాడు తప్పాడు కదయ్యా!"

"వాడు తప్పితే నేనూ తప్పాల్నా?"

ఆ తరువాత రోజులు తలచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది. కొత్త అట్ట రాద్దామంటే రూము పోతుంది. చెబుదామంటే నియమం పోతుంది. కోసిన సరుకు పేరు లేకుండా ఆడుతోంది. పిల్లలు మళ్లీ "మామా కల్తీ" అన్నారు. కోకిల రావడం మానేసింది. సాయంత్రం గాలి తిరిగి కూవం ఏటి మురుగు కంపు కొడితే, పోనీ, ఇది తన వాసన దాచుకోదు కదా అనిపించేది.

ఒకరోజు పొద్దున వెళ్లేసరికి బూడిద టీవీ పైన, అట్ట వేలాడిన మేకుకే, శ్రీనివాసయ్య తుండు వేలాడుతోంది. గదంతా ఘాటు. ఇంగువ కట్టిన గుడ్డ అని ఊరికే అన్నారా?

మొదట వచ్చినవాడు మా వీధి కామేశం. సౌకార్‌పేట కొట్లలో గుమాస్తాగా తల పండినవాడు. తుండు చూశాడు, అట్ట పోయి మిగిలిన దారం ముక్క చూశాడు, కట్టేసిన టీవీ చూశాడు.

"ఎవరిది మునికృష్ణా ఈ తుండు?"

"నేనేమీ చెప్పలే గదా."

కామేశం దగ్గరికెళ్లి వాసన చూసి దగ్గాడు. "అట్ట నిలిచిందా? తెగినాక చించినాడా?"

మునికృష్ణ రిమోట్ మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు.

"తూ!" అన్నాడు కామేశం. ఆ ఉమ్ము మధ్యాహ్నానికల్లా సౌకార్‌పేట చేరింది. అక్కడ శ్రీనివాసయ్యను చూసి ఇంగువ బస్తాలు కూడా పక్కకు ఒత్తిగిలాయని నేను చెబుతాను. నమ్మడం మానడం మీ ఇష్టం. ఇంకో తుండు తీసుకుని బజారులో చెయ్యి చాస్తే ఎదుటివాడు చేతులు వెనక్కి కట్టుకున్నాడన్నది మాత్రం నిజం.

సాయంత్రం శ్రీనివాసయ్య గుమ్మంలోకి వచ్చాడు. గది నిండా పిల్లలు. వాళ్లలో కోకిల కూడా ఉంది. వీధిలో పెద్దలు పనున్నట్టు నిలబడ్డారు.

"ఎవరిదో తుండు వేలాడేసినట్టుండావే?"

"ఎవరిదో వాళ్లొచ్చి నాదని అడిగితే ఇస్తానయ్యా."

ఆయన నోరు తెరిచాడు. నాదంటే బేరం జరిగిందని ఒప్పుకోవాలి. ఖాళీ చెయ్యమంటే ఎందుకని అందరూ అడుగుతారు. నోరు మూసుకుని, భుజం మీద లేని గుడ్డను సర్దుకుంటూ మెట్లు దిగిపోయాడు. ఆయన్ని చూసి నవ్వుదామనుకున్నాను. నవ్వు రాలేదు.

"మామా," అంది కోకిల, "అంటే ఇది కోసిన సరుకు కదా?"

మునికృష్ణ చూపుడువేలు ఎత్తి తుండు చూపించాడు.

కోకిల ఒక చేత్తో ముక్కు మూసుకుంది, రెండో చేత్తో బటన్ నొక్కింది. సన్యాసి పొట్టలో కత్తి పిడిదాకా దిగింది. బూడిదరంగు చెమట చిమ్మింది.