తమ్ముడికి నేను అందించిన మాటలు

మా తమ్ముడు కష్టపడి గెలిచిన మొదటి గెలుపు ఒక కోటు. కుట్టింది విప్పి, విప్పింది కుట్టి, చివరికి బ్యాంకు మేనేజరు భుజాల మీద ఒక్క ముడత లేకుండా కూర్చోబెట్టాడు. అప్పటికి వాడికి మీసాలైనా సరిగా రాలేదు. ఆనాటి నుంచి వాడు అందరికీ కోటు మాస్టారే. ఆ కోటుకి కాజాలు కుట్టింది నేను. నా చదువు ఊరిబడితో ఆగినా, నా కాజాలో దారం పీచు లేచిందన్నవాళ్లు ఇంతవరకూ లేరు.

తర్వాత వాడు బ్యాండు మేళమంతటికీ దుస్తులు కుట్టాడు, శిష్యులకు పని నేర్పాడు, కూతుర్ని ఆస్పత్రి ఉద్యోగం దాకా చదివించాడు. వాటన్నిటికన్నా గొప్పవి వాడి కబుర్లు. ఆ కోటు కథ వినడానికి ప్యాంటు చిరగనివాళ్లు కూడా షాపుకొచ్చేవారు.

మొన్న మేనకోడలు వచ్చి కుట్టుమిషను పక్కన ఫోను పెట్టింది. "మా ఆస్పత్రిలో పెద్దవాళ్ల మామూలు మాటలు రికార్డు చేసి, మతిమరుపు మొదలవుతోందేమో ముందే చూస్తున్నాం నాన్నా. నువ్వు రోజూలాగే మాట్లాడు."

"రోజూలాగా మాట్లాడితే నీ ఫోను నిండిపోతుందే!"

సాయంత్రం ఆ రికార్డు మాకు వినిపించింది. "ఆ మేనేజరు భుజంలో పెట్టే... అదీ..." అని తమ్ముడు. "ప్యాడ్" అని నేను. "వెంటనే తీశాను, ఈ..." అని వాడు. "కత్తెర" అని నేను. కథంతా ఇదే వరస.

"చూశావా, ఒక్కటీ తప్పలేదు!" అన్నాను.

"నీకు నూటికి నూరు, అత్తా. కానీ పరీక్ష నాన్నకి."

తమ్ముడి నవ్వు ఆగిపోయింది. "కత్తెర పేరు నాకు రాలేదా?" అన్నాడు మెల్లగా. చేతిలో పని ఎలాగూ ఉంది. మాట పోతే కోటు మాస్టారు మిగులుతాడా? అదీ వాడి బెంగ.

మర్నాడు మేనకోడలు వాడిచేత మళ్లీ కథ మొదలుపెట్టించింది. ఈసారి నేను పెదాల మధ్య గుండుసూదులు బిగించుకుని కూర్చున్నాను. కత్తెర దగ్గరికొచ్చి వాడు ఆగాడు. నా వైపు చూశాడు.

"ఏంటక్కా, నోరు కుట్టేసుకున్నావా?"

తలూపాను. వాడు నెత్తి గోక్కున్నాడు, టేపు మెలితిప్పాడు, చాలాసేపటికి "కత్తెర!" అని అరిచాడు, కోటు ఇంకోసారి కుట్టినంత గర్వంగా.

మాటల్ని బట్టి అనుమానమే గాని కారణం తెలియదంటూ మేనకోడలు వాణ్ని ఆస్పత్రికి తీసుకెళ్లింది. రక్తంలో ఏదో విటమిన్ బాగా పడిపోయిందట. ఇంజక్షన్లతో చాలావరకు కోలుకోవచ్చు, పూర్తిగానా కాదా చూడాలి అన్నారు డాక్టర్లు.

ఇప్పుడు కూతురింట్లో ఉండి ఇంజక్షన్లు చేయించుకుంటూ, రోజూ నాకు ఫోను చేసి కోటు కథ చెబుతున్నాడు. నేను సూదులు నోట్లో పెట్టుకునే వింటున్నాను. నిన్న ప్యాడ్ దగ్గర ఆగనే లేదు. కత్తెర దగ్గర మాత్రం కాస్త తడుముకున్నాడు.

షట్టరు మీద కాగితం అంటించాను: కోటు మాస్టారు వచ్చేది నవంబరు పదహారు, సోమవారం.